బొటనవేలికి పీచు

గంగులు చెప్పే కథలన్నీ నిజమైతే బంగాళాఖాతంలో చేపలకి చోటు మిగలదు. ఒకసారి తిమింగలం ఒకటి కళింగపట్నం ఒడ్డుకొచ్చి, "మావా, వీపు మీద చీలిక పడింది, కాస్త గుగ్గిలం పెట్టవా" అని అడిగిందట. ఈయన పెట్టాడట. అప్పటినుంచి ఏటా కార్తీకంలో అది దూరంగా ఆగి, ఒక్క చిమ్ము నీళ్ళు చిమ్మి, దండం పెట్టుకుని మరీ పోతుందట. వినేవాళ్ళు నవ్వితే సరే. నవ్వకపోతే తిమింగలం ఇంకో పది మూరలు పెరుగుతుంది.

అందులో ఒక్క ముక్క మాత్రం నిజం. గంగులు గుగ్గిలం పెట్టిన చోట నీరు దూరదు. నలభై ఏళ్ళపాటు కొయ్య పడవల పలకల సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పోసి పూడ్చిన చెయ్యి అది. పని ముగిశాక, గుగ్గిలం గట్టిపడే లోపల, ఆఖరి సందు మీద కుడి బొటనవేలు ఒత్తుతాడు. "నీరొస్తే ఈ యేలు మీద" అని దానర్థం. ఆ వీధిలో సందులు పూడ్చేవాళ్ళందరికీ తాతల నాటి నుంచి సముద్రంతో ఉన్న ఒప్పందం అది. చిన్నప్పుడు చెక్క చెక్కే బాడిత తగిలి గంగులు వేలి కొస రెండుగా చీలింది. అందుకని ఆయన ముద్ర మేకపిల్ల గిట్టలా పడుతుంది. ఎవరిదని అడిగే పని లేదు.

పడవలన్నీ ఫైబరువి అయ్యాక ఆ వేలికి పని తగ్గింది. ఇప్పుడు తుప్పు గీకడం, రంగులు వెయ్యడం.

ఆ గురువారం పొద్దున్న రిసార్టు వెనక సరుగుడు చెట్ల నీడలో, ఇసకలో ఒరిగి పడి ఉన్న నెగడు ముందు గంగులు గొంతుక్కూర్చున్నాడు. మేనేజరు ఉమాశంకర్ దాన్ని ఫైర్ పిట్ అంటాడు. ఓడలకి దారి చూపడానికి సముద్రంలో తేలేసే ఇనప బుంగ ఒకటి ఎప్పుడో ఒడ్డుకి కొట్టుకొస్తే, దాన్ని సగానికి కోయించి, మూడు కాళ్ళు అతికించి, సాయంత్రం పూట అతిథులు చుట్టూ కూర్చుని చలి కాచుకోడానికి పెట్టారు. ఇప్పుడా మూడు కాళ్ళలో ఒకటి ఊడి పక్కన పడుంది.

"ఆదివారం సాయంత్రం మేడం వస్తున్నారు," అన్నాడు ఉమాశంకర్, ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా. "రేపటికల్లా తుప్పంతా గీకెయ్యాలి. శనివారం తొమ్మిదికి ఆమదాలవలస నుంచి వెల్డరు వచ్చి కాలు అతికేస్తాడు. ఆ తరవాత రంగు. వేడికి ఊడని నల్ల పెయింటు తెప్పించాను. మేడం చూసేసరికి నిన్ననే కొన్నట్టుండాలి."

"నిన్న కొన్నట్టేటి బాబూ, రేపు కొనబోయేదానిలాగ ఉంతాది."

ఉమాశంకర్ నవ్వలేదు. పది రోజుల కిందటి వరకూ నవ్వేవాడు.

పది రోజుల కిందట, వానలకి ఆపేసిన నెగడు మళ్ళీ వెలిగించడం మొదలెట్టిన వారంలోనే, పొద్దు వాలుతుండగా, మంట బాగా రాజుకున్న వేళ ఆ కాలు ఊడింది. నెగడు ఒరిగి నిప్పులు దొర్లాయి. బరంపురం నుంచి వచ్చిన కుటుంబంలో ఒక చిన్నపిల్లకి పాదం కాలింది. రోజూ నెగడు వెలిగించే పని హేమది. ఆ పిల్లని ఎత్తి ఇవతలకి లాగింది హేమే. లాగుతూ తన కాలు నిప్పుల్లో వేసింది. ఆ పిల్ల గాయం మానింది. హేమ కట్టు ఇంకా విప్పలేదు, పనిలోంచి మాత్రం మర్నాడే తీసేశారు.

గంగులు ముందు బూడిద ఎత్తాడు. సముద్రపు గాలికి బూడిద ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఉప్పూ బూడిదా కలిస్తే ఇనుముని చెదపురుగు తిన్నట్టు తింటాయి. పొరలు పొరలుగా లేచిన తుప్పుని ఉలితో తట్టి, రేకుతో గీకి, ఇనప బ్రష్షు పట్టాడు. ఆ గరగర మధ్యలో కంచె అవతల నుంచి పిలుపు వినిపించింది.

"తాతా."

హేమ. వాళ్ళిల్లు గంగులు ఇంటికి మూడో ఇల్లు. కట్టు కట్టిన కాలు నేల మీద పూర్తిగా ఆనించకుండా సరుగుడు మాను పట్టుకుని నిలబడింది. ఆమెని లోపలికి రానివ్వద్దని గేటు దగ్గర చెప్పి పెట్టారు.

"ఏటే పిల్లా, కాలెలాగున్నాది?"

"కాలికేటి, మానిపోతాది. కాయితం ఒకటి ఇచ్చినారు తాతా. కట్టెలెక్కువేసి, నెగడు జరపబోయి పడేసినాను, తప్పంతా నాదే అని సంతకం ఎట్టాలంట. ఎడితే కేసుండదంట. ఎట్టకపోతే ఆ పిల్ల నాన్న పోలీసోళ్ళకి రాసిస్తాడంట. ఆదివారం మేడం గారి ముందర ఎట్టాలన్నాడు ఉమాశంకర్ బాబు."

"ఎట్టకు."

"భీమిలి కాడ ఓటల్లో పని సూసుకున్నాను. ఆళ్ళు ఈ బాబుకే ఫోన్ సేసినారు. పసిపిల్ల మీద నిప్పులు పోసిన మనిషంట, ఒద్దనేసినారు. ఇంక నాకు పనెవులిస్తారు?" హేమ గొంతు తగ్గించింది. "నాను కట్టెలెక్కువెయ్యలేదు తాతా. కాలూడకముందు గుగ్గిలం వాసనొచ్చినాది. గుళ్ళో ఏసినట్టు. ఎవులు దూపం ఏసినారా అని సుట్టూ సూసినాను. అంతలోకే ఒరిగిపోనాది. ఆ మాట సెప్తే బాబు నవ్వినాడు."

గంగులు చేతిలో బ్రష్షు ఆగింది. ఆగడం హేమ చూడకుండా, బ్రష్షు పళ్ళలో ఇరుక్కున్న తుప్పుని గోటితో తీస్తున్నట్టు నటించాడు.

"ఎల్లు," అన్నాడు. "ఎండలో నిలబడకు."

*

హేమ వెళ్ళాక చాలాసేపు ఊడిన కాలు వైపు చూడకుండా పని చేశాడు. గిన్నె లోపల గీకాడు, అంచులు గీకాడు. గీకాల్సిన అవసరం లేని చోట కూడా గీకాడు. ఇంక గీకడానికి ఏమీ మిగలక, ఆ కాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అతుకు దగ్గరి నుంచి కిందికి, నల్లరంగు మీద, కన్నీటి చారల్లా ఏవో కారి గట్టిపడ్డాయి. రేకు అంచుతో ఒక బొట్టు పెళ్ళగించాడు. గాజుముక్కలా టక్కున విరిగింది. చుట్ట ముట్టించుకునే అగ్గిపుల్ల గీసి దాని కింద పెట్టాడు. బొట్టు మెరిసింది, మెత్తబడింది, జారింది. కమ్మటి గుడి వాసన ముక్కుకి తగిలింది.

గంగులు పుల్ల ఆర్పేసి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

పోయిన వానాకాలంలో ఉమాశంకర్ పిలిచి, "ఈ కాలు కదుల్తోంది, వెల్డరు దొరకట్లేదు, నువ్వేదైనా చెయ్యి" అన్నాడు. "ముప్పై మూరల పడవలోకి సముద్రాన్నే రానివ్వనోడిని, ఈ కుంపటి నాకేటి బాబూ" అన్నాడు గంగులు. పీచు కుక్కాడు, గుగ్గిలం పోశాడు. మిగతా రెండు కాళ్ళ అతుకుల్లోనూ వెంట్రుకంత చీలికలు కనిపిస్తే అడక్కుండానే వాటికీ పెట్టాడు. కాళ్ళు రాయిలా బిగిశాయి. పైన నల్లరంగు వేశాడు.

నలభై ఏళ్ళ పనిలో గంగులుకి తెలిసిన శత్రువు ఒక్కటే, నీళ్ళు. నీళ్ళు ఎటునుంచి వస్తాయి, ఎక్కడ దూరతాయి, ఎక్కడ దాక్కుంటాయి అని తప్ప చేతికి వేరే ఆలోచన అలవాటు లేదు. నిప్పులు పోసుకోడానికి చేసిన గిన్నెకి వాన నీరు దిగకుండా బందోబస్తు చేశాడు. నిప్పు సంగతి ఆ పూట ఆయన బుర్రలోకే రాలేదు.

రెండో కాలి దగ్గరికి జరిగాడు. అతుకు చుట్టూ రంగు మెల్లగా గీకాడు. రంగు పెచ్చు లేచింది. కింద తేనెరంగు గుగ్గిలం, దాని మధ్యలో మేకపిల్ల గిట్ట.

మూడో కాలు ముట్టుకోలేదు.

*

ఇంటి దగ్గర భార్య లక్ష్మణమ్మ సాయంత్రం అన్నం పెట్టింది. ఎండుచేపల పులుసు. గంగులు కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు. ఇద్దరే ఉన్న ఇంట్లో తినేటప్పుడు మాట్లాడేది ఎప్పుడూ ఆయనే. ఆ పూట పంచలో పిల్లి తప్ప ఎవరూ గొంతెత్తలేదు.

"ఏటైనాది?" అంది లక్ష్మణమ్మ.

"ఏటవుతాది?"

"పొద్దుగూకిపోనాది, ఒక్క అబద్దమూ ఆడనేదు నువ్వు. వొంట్లో బాగోనేదా?"

గంగులు నవ్వబోయాడు. కుదరలేదు. చెప్పాడు. వానాకాలం నాటి పీచు దగ్గర మొదలుపెట్టి అగ్గిపుల్ల వరకూ, ఒక్క మూర కూడా పెంచకుండా చెప్పాడు. లక్ష్మణమ్మ చెయ్యి కడుక్కోలేదు. ఎండిపోతున్న చేతిని మోకాలి మీద పెట్టుకుని విన్నది.

"ఎవులికీ తెల్దు గదా," అన్నాడు చివర్లో. "శనివారం ఎల్డరొస్తాడు. అతికేస్తాడు. రంగేసేస్తాను. అయిపోద్ది."

"అయిపోద్ది," అంది లక్ష్మణమ్మ. లేచి, ఆయన కంచం తీసి, తినని అన్నం పిల్లికి పెట్టింది. గుమ్మం దగ్గర ఆగింది. "ఆ పిల్ల కాలికి కట్టున్నాది. నీ యేలికేటున్నాది?"

*

శుక్రవారం పదింటికి ఉమాశంకర్ వచ్చేసరికి గంగులు నిలబడే ఉన్నాడు.

"బాబూ, ఒక మాట. కాలూడినాది హేమ వల్ల కాదు. నా గుగ్గిలం వల్ల."

ఉమాశంకర్ ఫోను లోంచి తలెత్తాడు. గంగులు రెండో కాలు చూపించాడు, ముద్ర చూపించాడు, బొట్టు కరిగించి వాసన చూపించాడు. ఉమాశంకర్ ముఖంలో రంగు ఒక్క క్షణం దిగిపోయింది. తరవాత నవ్వాడు. పది రోజుల తరవాత మొదటి నవ్వు.

"ఇది తిమింగలం కంటే బావుంది గంగులూ."

"కథ కాదు బాబూ. నువ్వే సెయ్యమన్నావు, గుర్తులేదా? వానాకాలంలో."

"నేను రిపేరు చెయ్యమన్నాను. రిపేరయిందని మేడంకి చెప్పాను. అతుక్కి సాంబ్రాణి పెట్టమని చెప్పానా?" నవ్వు ఎలా వచ్చిందో అలాగే పోయింది. "సరే, నిజమే అనుకో. ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల మీ వీధి పిల్ల. ఆ ముద్ర నువ్వు నిన్న నొక్కలేదని ఏంటి సాక్ష్యం?"

ఊరంతటికీ తిమింగలాన్ని అమ్మినవాడికి చిన్న నిజం ఒకటి అమ్మడం చేతకాలేదు.

"గీకెయ్," అన్నాడు ఉమాశంకర్.

"బాబూ..."

"నా ఎదురుగా. ఇప్పుడే. రేపు దాన్నీ అతికించేస్తాను."

సరుగుడు చెట్లలో గాలి హోరుమంటోంది. ఉమాశంకర్ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. గంగులు ఉలి ఆనించాడు. తన ముద్ర మీద తనే ఉలి పెట్టడం ఆ చేతికి కొత్త. మొదటి దెబ్బ జారింది. రెండో దెబ్బకి గిట్టలో ఒక సగం ఎగిరిపోయింది. మూడో దెబ్బకి మొత్తం ఊడి ఇసకలో పడింది. ఉమాశంకర్ బూటు కాలితో దాన్ని ఇసకలోకి తొక్కాడు.

"మూడో కాలికి?"

గంగులు ఉలి కొస తుడుచుకున్నాడు. నింపాదిగా తుడుచుకున్నాడు.

"దానికెందుకు బాబూ? అది మొదట్నుంచీ గట్టిగానే ఉన్నాది. కావలిస్తే ఊపి సూడు."

ఉమాశంకర్ ఊపాడు. కదల్లేదు. తలాడించి వెళ్ళిపోయాడు. నిజం చెబితే నవ్వినవాడు అబద్ధాన్ని ఇట్టే నమ్మాడు. తన జన్మలో ఆడిన అబద్ధాలన్నిట్లోకీ అంత పొడి అబద్ధం గంగులు ఎన్నడూ ఆడలేదు. అందులో తిమింగలం కాదు కదా, చిన్న పరిగ చేపపిల్ల కూడా లేదు.

మధ్యాహ్నం గున్నమ్మ టీ కొట్టు దగ్గర కూడా చెప్పాడు. బల్ల మీద నలుగురున్నారు, ఓ పక్కగా హేమ ఉంది. గంగులు నిలబడే చెప్పాడు, కూర్చుంటే కథ అనుకుంటారని. అయినా కథే అనుకున్నారు.

"ఒలమ్మో, ఇప్పుడు నెగడుకీ గుగ్గిలమేనా!" గున్నమ్మ గ్లాసులు కడుగుతూ పగలబడి నవ్వింది. "అది కూడా నిన్ను మావా అని పిలిసినాదేటి?"

"నిజమే గున్నమ్మా. నా యేలి మీద ఒట్టు."

గున్నమ్మ నవ్వు ఆపింది. చెయ్యి తుడుచుకుని గంగులు కుడిచేతిని పట్టుకుని అందరికీ కనబడేలా ఎత్తింది.

"మరి పీసు ఏదీ?"

బల్ల మీద వాళ్ళు కూడా నవ్వాపారు. ఆ వీధిలో అదొక కట్టడి. తను పూడ్చిన సందు వదిలి ఎవరికైనా కీడు జరిగితే, ఆ సందు పూడ్చినవాడు బొటనవేలికి కొబ్బరి పీచు చుట్టుకోవాలి. అమావాస్య వెళ్ళేదాకా విప్పకూడదు, ఉలి పట్టకూడదు. ఆ పీచు చూసిన ఏ పడవ వాడూ మళ్ళీ పిలవడు. గంగులు తండ్రి బతికుండగా ఒకడు కట్టుకున్నాడు. వాడు తరవాత వీధిలో ఉండలేక గోపాలపురం బంధువుల దగ్గరికి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళలో గంగులు వేలికి పీచు చుట్టే అవసరం రాలేదు. ఆయన కోతలన్నిట్లోకీ పెద్ద కోత అదే, అది నిజం కూడాను.

"కడతాను," అన్నాడు గంగులు.

"ఎప్పుడు? తిమింగలం వచ్చినాకా?" మళ్ళీ నవ్వులు లేచాయి.

హేమ కుంటుకుంటూ దగ్గరికొచ్చి ఆయన చెయ్యి గున్నమ్మ చేతిలోంచి విడిపించింది.

"నాకోసం అబద్దమాడకు తాతా," అంది మెల్లగా. "నిన్ను నమ్మరు. నాను సంతకం ఎట్టేస్తాను. ఎట్టేసి ఇంటికాడ కూసుంతాను."

నవ్వినవాళ్ళ మీద గంగులుకి కోపం రాలేదు. ఆ పిల్ల కళ్ళలో దయ చూడలేకపోయాడు.

*

శనివారం వెల్డరు హరిబాబు వచ్చి రెండు కాళ్ళు అతికి, రవ్వలు ఎగజిమ్మించి, టీ తాగి వెళ్ళిపోయాడు. మూడోదాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

గంగులు నెగడుని సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టాడు. ఉప్పుకాగితంతో రుద్దాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మూడో కాలి అతుకు మాత్రం వదిలేసి, కాళ్ళకి ఎర్రటి రెడాక్సైడు పూత వేశాడు. తరవాత అటూ ఇటూ చూసి, టిఫిను గిన్నె మూతలోంచి కొబ్బరినూనె వేలితో తీసి, మూడో కాలి అతుకు చుట్టూ, పోయిన ఏటి రంగు మీదే, పట్టించాడు. దాని మీద మిగతా చోట్లతో సమానంగా పూత లాగాడు. నూనె మీద పడిన రంగు పట్టదు. ఆరాక చూడ్డానికి రంగే, గుడ్డతో ఒక్క రాపు రాస్తే పాము కుబుసం. పడవ ముక్కు మీద పేరు రాసేటప్పుడు, అక్షరాల పక్కన రంగు అంటకుండా ఉండడానికి వాడే ఉపాయం అది.

సాయంత్రానికి గిన్నెకి నల్లరంగు రెండు పూతలు పడ్డాయి. ఉమాశంకర్ చుట్టూ తిరిగి చూశాడు. అతని నీడ మూడో కాలి దగ్గర ఆగింది. వంగాడు. గంగులు కుంచె కడుగుతున్న డబ్బాలో కిరసనాయిలు తిప్పుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

"ఇక్కడ కొంచెం మెరుస్తోందేం?"

"పచ్చిగున్నాది బాబూ. ముట్టుకుంటే మీ యేలి ముద్ర పడిపోద్ది."

ఉమాశంకర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. "రేపు ఆరింటికి మేడం ఎదురుగా వెలిగిస్తాం," అన్నాడు. "కట్టెలు తెప్పించి పెట్టాను."

గంగులు చేతిలో కుంచె డబ్బా అంచుకి తగిలి చప్పుడైంది. వెలిగించే సంగతి ఆయన లెక్కలో లేదు.

*

ఆదివారం నాలుగింటికి లక్ష్మణమ్మ పాత తాడు ఒకటి విప్పి, పీచు తీసి, తొడ మీద పెట్టి పేనింది. గంగులు చెయ్యి చాపాడు. ఆమె బొటనవేలి మొదట్లో మూడు చుట్లు చుట్టింది. ముడి వేసేటప్పుడు ఒకసారి ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తలాడించాడు. ముడి బిగించింది.

"నొప్పిగున్నాదా?"

"నేదు."

"ఇదొక్కటీ అబద్దం," అంది.

వీధిలోకి వచ్చాడు. చెయ్యి దాచుకోలేదు, చూపించుకోలేదు. పక్కన వేలాడనిచ్చి నడిచాడు. వలలు బాగు చేసుకుంటున్న ఒకడు పలకరించబోయి, చూసి, తల దించుకున్నాడు. గుమ్మాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. టీ కొట్టు దగ్గర గున్నమ్మ "ఏటి మావా..." అని మొదలుపెట్టి, వేలు చూసి, చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది. సంతకానికి బయల్దేరిన హేమ బల్ల మీంచి లేచింది. చేతిలో కాయితం మడతపెట్టి ఉంది.

హేమ ఆ పీచు వైపు చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో శుక్రవారం నాటి దయ లేదు. గంగులుకి అదే కావాలి, అదే బెదురు కూడాను.

"నిజమేనా తాతా?"

"నిజమే."

"నా కాలు..."

"నా వల్లే."

ఆయన ముందు నడిచాడు. ఆమె రెండడుగులు వెనకగా, కుంటుకుంటూ, పక్కకి రాకుండా నడిచింది.

రిసార్టు ఇసకలో నెగడు నిజంగానే నిన్న కొన్నట్టుంది. గిన్నె నిండా సరుగుడు కట్టెలు పేర్చి ఉన్నాయి. యజమానురాలు అనూరాధ కుర్చీలో కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, మడమ దాకా ఇసక అంటిన చెప్పులు. ఉమాశంకర్ అగ్గిపెట్టె తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ అమ్మాయేనా?" అంది అనూరాధ. "కాయితం తెచ్చిందా?"

"తెచ్చింది మేడం. ఈయన పెయింటరు. ఇంక నువ్వు వెళ్ళొచ్చు గంగులూ."

"ఎల్తాను. ఎలిగించకముందు ఒక్క పని మిగిలిపోనాది తల్లీ," అన్నాడు గంగులు, నేరుగా అనూరాధతో. "మా ఈదిలో పడవ యజమాని సెయ్యేసి సూడకుండా నీట్లోకి దింపం. తమరు ఒక్కపాలి ఈ కాలు సూడాలి."

"మేడం, ఈయనవన్నీ కథలు. ఊళ్ళో ఎవర్నడిగినా..."

"చూస్తే పోయేదేముంది?" అంది అనూరాధ, లేచి వచ్చి వంగింది.

గంగులు మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీది తువ్వాలుతో మూడో కాలి అతుకుని ఒక్క రాపు రాశాడు. కొత్త రంగు కుబుసంలా ఊడొచ్చింది. కింద పోయిన ఏటి నల్లరంగు, ఎండకి పగిలి, ఉప్పుకి ఉబ్బి ఉంది. "ఇది పాతదే గదా తల్లీ? బాగా సూడండి," అన్నాడు. అనూరాధ గోటితో గీరి చూసి తలాడించింది. అప్పుడు రేకు ఆనించి, తొందర లేకుండా, ఆ పాత పెచ్చు లేపాడు.

తేనెరంగులో మేకపిల్ల గిట్ట.

గంగులు పీచు చుట్టిన బొటనవేలు అందులో పెట్టాడు. చీలిన కొస చీలికలో కూర్చుంది. ఎడంచేత్తో అగ్గిపుల్ల కోసం జేబు తడుముకున్నాడు. ఉమాశంకర్ చేతిలో అగ్గిపెట్టె ఉంది గానీ అతను కదల్లేదు. హేమ వెళ్ళి ఆ పెట్టె అతని చేతిలోంచి తీసుకుని, ఒక పుల్ల గీసి, గుగ్గిలం అంచుకి చూపించింది. అంచు చెమర్చింది, మెత్తబడి జారింది. గాలి తిరిగి గుడి వాసన అందరి ముఖాలకీ కొట్టింది. వెల్డింగు పడని ఆ కాలు అనూరాధ చెయ్యి వేసి ఊపితే ఈసారి కదిలింది.

"ఇదే వాసన మేడం," అంది హేమ. "ఆ రోజు నాను సెప్పినాది ఇదే."

అనూరాధ కట్టెల వైపు చూసింది. ఇంకో పావుగంటలో అవి మండి ఉండేవి.

"రిపేరయిందని మీరు ఫోన్లో చెప్పింది దీని గురించేనా?" అని అడిగింది ఉమాశంకర్ని. అతను సముద్రం వైపు తిరిగాడు.

ఆమె హేమ చేతిలోని కాయితం తీసుకుని చదివి, వెనక్కి తిప్పి, ఖాళీ వైపు పైకి పెట్టి గంగులుకిచ్చింది. "మీరు చేసింది రాసివ్వండి. ఇది ఆ చిన్నపిల్ల తండ్రికి చూపించాలి. ఆయన కేసు పెడితే మీ మీదే పెడతాడు. తెలుసు కదా?"

"తెల్సు తల్లీ."

"రాయగలరా?"

"సెప్తాను. హేమ రాస్తాది."

హేమ ఇసకలో కూర్చుని కట్టున్న కాలు చాపి, మోకాలి మీద కాయితం పెట్టుకుంది. కలం పట్టుకుని ఎదురు చూసింది. గంగులు గొంతు సవరించుకున్నాడు. కథ మొదలుపెట్టేటప్పుడు ఎప్పుడూ అలాగే సవరించుకుంటాడు.

"నెగడు అతుక్కి గుగ్గిలం ఎట్టినాను. నిప్పుకి కరుగుద్దని తెల్దు. హేమ తప్పు నేదు."

అంతే. గంగులు జీవితంలో చెప్పినవాటిలోకెల్లా పొట్టి కథ అది.

హేమ రాసింది. రాశాక తలెత్తకుండానే అడిగింది. "సెయ్యమన్నది ఉమాశంకర్ బాబు అని కూడా రాయనా తాతా?"

"రాయి. అది కూడా నిజమే గదా."

రాసింది. అనూరాధ కలం అందించబోయింది. గంగులుకి సంతకం వచ్చు. అయినా కలం తీసుకోలేదు. చెట్టు కింద నిన్న వదిలిన రెడాక్సైడు డబ్బా మూత తీసి, కుడి బొటనవేలు ముంచి, కాయితం మీద ఒత్తాడు. చీలిన ముద్ర ఎర్రగా పడింది. పక్కనే పీచు కొస కూడా తగిలి, వంకరగా ఒక గీత పడింది.

"గీత పడిందండి," అంది అనూరాధ. "పక్కన మళ్ళీ వెయ్యండి."

గంగులు ఆ ముద్ర వైపు, గీత వైపు చూశాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "ఆ గీతా నాదే."